మైకు చేతికొచ్చిన పూట

ఈ సంగతి మా ఊళ్లో అందరికీ సగం సగం తెలుసు. మొదటి నుంచి చివరి దాకా నేనెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లయినా మార్చి నెల వచ్చిందంటే ఆ శనివారం గుర్తొచ్చి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకే మీ దగ్గర కూర్చున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మధ్యలో లేచి వెళ్లకండి. చిన్నదో పెద్దదో ఇలాంటి పని మీరూ ఒకటి చేసే ఉంటారు.

మాది కొండాపురం మండలంలో ఒక పల్లె. నెల్లూరు అనగానే అందరికీ పచ్చటి వరి మళ్లు గుర్తొస్తాయి గానీ, మాది పడమటి వైపు మెట్ట. వాన కురిస్తే పొగాకు, మినుము, కంది. కురవకపోతే హైదరాబాదు, బెంగళూరు, అదీ కుదరకపోతే కువైట్. నాకు కొండాపురం సెంటర్లో చిన్న జిరాక్సు షాపు ఉంది. పేరుకే జిరాక్సు. అసలు పని కాగితాలు నింపడం. పాస్‌పోర్టు దరఖాస్తు, బ్యాంకు లోను, పాసు పుస్తకంలో తప్పు దిద్దమనే అర్జీ, ఏదైనా సరే, "నువ్వే చూసి రాయి నాయనా" అంటూ మా తాత వయసు వాళ్లు కూడా వచ్చి నా ముందు బల్ల మీద కూర్చుంటారు. పదేళ్లు అలా కూర్చుంటే మనిషికి ఏమవుతుంది? ఫారంలో గళ్లు నింపడం వచ్చినవాడికి లోకమంతా తెలిసినట్టే అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది. ఎవరు ఏమడిగినా తెలియదన్న మాట నా నోట రాదు.

2020 మార్చి 12న రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన కుర్రవాడు. ఆ రోజు నా షాపు ముందు పదిమంది మూగారు. నేనేం చెప్పానో అక్షరం అక్షరం గుర్తుంది. "అది చలి దేశాల జబ్బు. మన మెట్ట ఎండకు పురుగే బతకదు, అదేం బతుకుద్ది?" అన్నాను. ఎక్కడ చదివాను, ఎవరు చెప్పారు అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ మాట నా నోటి నుంచి ఎంత ధీమాగా వచ్చిందంటే, నేనే విని నేనే నమ్మేశాను. మరుసటి రోజు అదే మాట ఇంకొకాయన వచ్చి నాకే చెప్పాడు. అప్పుడు ఇంకా గట్టిగా నమ్మాను.

ఆ రోజుల్లో స్థానిక ఎన్నికల హడావుడి. మార్చి 15న ఎన్నికలు వాయిదా వేశారు. మా బావకు తుఫాన్ బండి ఉంది, ప్రచారానికి కట్టుకున్నాడు. నెత్తిన రెండు మైకు హారన్లు, పక్కలకు పోస్టర్లు. ఎన్నికలు ఆగేసరికి బండి చెట్టు కింద పడింది. పోస్టర్లు సగం గీకేశాడు. మైకు మాత్రం విప్పలేదు. ఆ బండి అలా ఖాళీగా ఉండడం, గురువారం రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి ఆదివారం 22న జనతా కర్ఫ్యూ అనడం, రెండూ నా బుర్రలో ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి.

శుక్రవారం పొద్దున్నే అందరికీ ఫోన్లు చేశాను. "ఆదివారం నుంచి తలుపులేస్తారు. మళ్లీ ఎప్పుడు తీస్తారో. శనివారమే మనకున్నది. పోదాం రండి." యాడికి అన్నారు. ఉదయగిరి దుర్గం ఎక్కుదాం అన్నాను. తలుపులేస్తారని తెలిస్తే తాళం పడకముందే ఒక్కసారి వీధి చూసి రావాలనిపించడం మనిషి గుణం. ఆ శనివారం దేశంలో ఎంతమంది ఇలాగే బయలుదేరారో. కానీ వాళ్లంతా నేను చేసిన పని చేసి ఉండరు.

బావ, మేస్త్రి, టైలరు, మా ఊరి పాల కేంద్రం నడిపేవాడు, నేను. ఐదుగురం. ఆరోవాడు మా పక్కింటి వాడు, చిన్నప్పటి నుంచి నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. కువైట్‌లో హౌస్ డ్రైవరు. మూడేళ్ల తర్వాత రెండు నెలల చుట్టీ, అంటే సెలవు మీద మార్చి 11న దిగాడు. దిగిన రోజునే గ్రామ వాలంటీరు వచ్చి పేరు రాసుకుని, 14 రోజులు గడప దాటొద్దని చెప్పి వెళ్లింది. వాడు బుద్ధిమంతుడు. వసారాలో మంచం వేసుకుని, అన్నం పళ్లెం వేరు, చెంబు వేరు, పిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వకుండా ఉన్నాడు. మూడేళ్ల తర్వాత తండ్రిని చూసిన చిన్న పిల్ల గుమ్మం అవతల నిలబడి వాడి వంక చూస్తుంటే, వాడు ఇవతల నుంచి చెయ్యి ఊపేవాడు. ఇది నేను రోజూ మా పెరటి గోడ మీంచి చూస్తూనే ఉన్నాను.

అలాంటివాడిని నేను లేపాను. వాడు వద్దనే అన్నాడు. "లేదు రా, ఇంకా నాలుగు రోజులుంది" అన్నాడు. నేను గోడ మీద మోచేతులు ఆనించి లెక్క చెప్పాను. "పది రోజులైపోయినాయి. దగ్గు లేదు, జ్వరం లేదు. వచ్చేదుంటే ఈపాటికి వచ్చేసేది. మూడేళ్ల నుంచి ఇసుక చూస్తా ఉండావు, కొండ చూడవా?" వాడి పాస్‌పోర్టు దరఖాస్తు నింపింది నేను, వాడి వీసా కాగితాలు చదివి చెప్పింది నేను. నా మాట మీద దేశం దాటినవాడు గడప దాటడా? కాసేపు నా ముఖంలోకి చూసి, "నువ్వు జెప్తే సరే" అన్నాడు. ఆ మూడు మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

అదే సాయంత్రం వాలంటీరు అమ్మాయి షాపుకొచ్చింది. వరసకు నాకు చెల్లెలవుతుంది. డిగ్రీ చదివి, యాభై ఇళ్లకు ఒకరని పెట్టిన ఆ వాలంటీరు పనిలో చేరింది. సర్వే ఫారాలు జిరాక్సు తీయించుకుంటూ, "అన్నా, రేపు నాకు గ్రామ సచివాలయంలో మీటింగు. మధ్యాహ్నం ఆయన ఇంట్లో ఉన్నాడో లేదో చూడను కుదరదు. నువ్వు పక్కిల్లే గదా, చూసి ఒక్క ఫోన్ చేస్తావా?" అంది. చేస్తానమ్మా అన్నాను. ఆ క్షణాన చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. చెప్పలేదు. కాపీకి రెండు రూపాయలు చొప్పున డబ్బులు కూడా తీసుకున్నాను.

శనివారం తెల్లవారక ముందే బయలుదేరాం. ఊరు లేవకముందే దాటాలని వాడిని వెనక సీట్లో కూర్చోబెట్టి తువ్వాలు కప్పాం. కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా తుఫాన్ పోతుంటే కిటికీలోంచి చల్లగాలి, దారి పక్క పొగాకు బ్యారన్లు. వాడు తువ్వాలు తీసి రెండు చేతులూ కిటికీ బయటికి చాపాడు. మేస్త్రి పాత సినిమా పాటలు మొదలుపెట్టాడు. టైలరు వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర వాసనకి ఎవరికీ కాలు నిలవలేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం బంగారంలా ఉంది. తప్పు చేస్తున్నప్పుడు తప్పులా ఉండదు, అదే చిక్కు.

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులని పాత గెజిటీరు లెక్క. కింద ఊళ్లోంచి చూస్తే మబ్బు వచ్చి వాలినట్టు ఉంటుంది. మూలికల కొండ అని పేరు. నేను ముందు రోజు రాత్రి ఫోన్లో దుర్గం చరిత్రంతా చదువుకుని తయారుగా ఉన్నాను. మెట్ల దారి పట్టామో లేదో మొదలుపెట్టాను. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఈ దుర్గాన్ని ముట్టడించడం, గజపతుల సైన్యం లోపల తలుపులేసుకోవడం, ఏడాదిన్నర పాటు రాయల సైన్యం కింద కాచుకుని ఉండడం. ఆకలికి తప్ప ఇంక దేనికీ లొంగే కోట కాదని పోర్చుగీసువాడు నూనిజ్ రాశాడు. పైకి ఒకే దారి ఉంటే, రాయలు బండలు పగలగొట్టించి కొత్త దారులు వేయించాడట. 1514లో కోట పడింది. గజపతి పినతండ్రి తిరుమలరాయుడు పట్టుబడ్డాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయి, ఆయన కోసం గుడే కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

మావాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. చెట్టు నీడ దొరికినచోటల్లా ఆగి చెప్పాను. కూలిన గోడ పక్కన నిలబడి, ఫోటోల కోసం చెయ్యి చాపి చెప్పాను. ఇంకొంచెం పైకి ఎక్కాక పాడుపడ్డ మసీదు దగ్గర కూలబడి నీళ్లు తాగుతుంటే మేస్త్రి అడిగాడు. "ఏడాదిన్నరా? ఇంట్లోంచి కాలు బయట పెట్టకుండా ఏడాదిన్నర ఎట్ట ఉంటార్రా మనుషులు?" దానికి నేను నవ్వి, "చేతగానోళ్లు ఉంటారు. దమ్మున్నోడు ఒక్కరోజు ఉండడు, బయటికొస్తాడు" అన్నాను. అంటూ కువైట్‌వాడి భుజం మీద చెయ్యి వేశాను. వాడు ముఖానికి కట్టుకున్న రుమాలు గడ్డం కిందికి జారి ఉంది. అందరం ఒకే సీసా ఎత్తి తాగుతున్నాం.

అప్పుడే నాకు ఫోను సంగతి గుర్తొచ్చింది. పన్నెండున్నర. కొండ మీద సిగ్నల్ మా ఊళ్లో కంటే బాగుంది. ఆ అమ్మాయికి చేశాను. "ఇంట్లోనే ఉండాడమ్మా. ఇప్పుడే చూసినా. వసారాలో నిద్రపోతా ఉండాడు." ఆమె "థాంక్సన్నా, నువ్వుంటే నాకు దిగుల్లేదు" అని పెట్టేసింది. నేను ఫోను జేబులో పెట్టుకుని చుట్టూ చూశాను. ఐదుగురూ నా వైపే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కువైట్‌వాడు మాత్రం లేచి కొంచెం దూరం పోయి, లోయ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడైనా నేను ఆగి ఉండాల్సింది. దిగుదాం పదండి అని మాట మార్చేశాను.

దిగాక ఉదయగిరి ఊళ్లో చెక్క గరిటెలు కొన్నాం. వాటి గురించి ఒక మాట చెప్పనివ్వండి, ఆ రోజు నేను చేసిన వాటిలో తల వంచుకోనవసరం లేని పని అదొక్కటే. ఈ కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కొయ్యతో అక్కడ ఇళ్లల్లో ఆడవాళ్లే ఎక్కువగా కూర్చుని గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పనితనం. ఒకావిడ మా ముందే ఒక చెంచా కాడ మీద ఆకురాయితో గీతలు తీస్తుంటే, కొయ్య పొడి ఆవిడ మోకాలి మీద పసుపులా రాలుతోంది. కువైట్‌వాడు వాళ్ల యజమానురాలి కోసమని డజను చెంచాల సెట్టు కొన్నాడు. నేను మా అమ్మకు ఒక పెద్ద గరిటె కొన్నాను, మూరెడు కాడ ఉన్నది.

అక్కడితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ కథ ఇంత దాకా వచ్చేది కాదు.

సాయంత్రం ఆరు కావస్తుండగా మా ఊరి పొలిమేర కనిపించింది. పొద్దుగూకాక లోపలికి పోదాం, అంతవరకు చెరువు కట్ట మీద ఆగుదాం అని బావ అన్నాడు. మంచి మాట. సరే అనబోయాను. అంతలో నా కన్ను డాష్‌బోర్డు మీద పడింది. మైకు. నల్లటి వైరు చుట్టుకుని, నా చేతికి బెత్తెడు దూరంలో. ఎన్నికల పది రోజులూ అందులో ఎవరెవరో మాట్లాడారు. నాకొక్కసారి కూడా ఇవ్వలేదు. రేపటి కర్ఫ్యూ సంగతి ఊరికి చెప్పాల్సిన బాధ్యత చదువుకున్నవాడిగా నాకు లేదా అనిపించింది. అనిపించిందే తడవు స్విచ్చి నొక్కాను. హారన్లు కీచుమన్నాయి. బావ "వద్దురోయ్" అంటున్నాడు, బండి మాత్రం వాలులో పోతూనే ఉంది, నేను గొంతు సవరించుకున్నాను, నా గొంతు చెరువు అవతలికి పోయి తిరిగి వచ్చింది, ఆ చప్పుడు వింటే ఒళ్లు పులకరించింది, ఇంకేం ఆగుతాను? "ఊరి ప్రజలందరికీ మనవి! రేపు ఆదివారం ఉదయం 7 గంటల నుంచి రాత్రి 9 గంటల వరకు జనతా కర్ఫ్యూ! ఎవరూ ఇల్లు దాటి బయటికి రావద్దు!" జనం గుమ్మాల్లోకి వచ్చారు. పిల్లలు బండి వెనక పడ్డారు. నేను ఇంకా గొంతు పెంచాను. "ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చినవాళ్లు పద్నాలుగు రోజులు గడప దాటకూడదు! దాటితే వాళ్లకే కాదు, ఊరికంతటికీ ముప్పు!"

వెనక సీట్లోంచి టైలరు నా చొక్కా పట్టి లాగుతున్నాడు. నేను చెయ్యి విదిలించుకున్నాను. బండి సచివాలయం మలుపు తిరిగింది. మీటింగు అప్పుడే ముగిసినట్టుంది, మెట్ల మీద ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. పిల్లలు అడ్డమొచ్చేసరికి బావ బ్రేకు వేశాడు. మైకు నా నోటి దగ్గరే ఉంది. ఎదురుగా పుస్తకం గుండెలకు హత్తుకుని ఆ అమ్మాయి. ఆమె నన్ను చూసి నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఉండగా ఆమె చూపు నా భుజం మీదుగా వెనక సీట్లోకి పోయింది. అక్కడ తువ్వాలు కప్పుకోవడం మరిచిపోయి, ఒళ్లో చెంచాల సెట్టు పెట్టుకుని, వాడు.

ఎవరూ మాట్లాడలేదు. మైకు ఆపలేదు గనక నేను ఊపిరి పీల్చుకోవడం ఊరంతా వినిపించింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆదివారం ఊరు నిశ్శబ్దంగా ఉంది. సాయంత్రం ఐదింటికి అందరూ గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు, పళ్లాలు మోగించారు. నేనూ పళ్లెం తీసుకుని బయటికి వచ్చాను. పక్కింటి గుమ్మంలో వాడు లేడు. వీధిలో ఎవరూ నా వైపు చూడలేదు. పళ్లెం చేత్తోనే లోపలికి వచ్చేశాను. రాత్రికి రాష్ట్రంలో 31 దాకా లాక్‌డౌన్ అన్నారు. మంగళవారం రాత్రి దేశమంతా 21 రోజులన్నారు. దమ్మున్నోడు ఒక్కరోజు ఉండడన్న నా మాట మేస్త్రికి గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, అంత మంచివాడు.

సోమవారం పొద్దున్నే ఆరు ఇళ్లకూ కాగితాలు అంటించారు. మా ఐదిళ్లకు 14 రోజులు. వాడికి లెక్క మళ్లీ మొదటికొచ్చింది. వసారాలో మంచం, వేరే పళ్లెం, గుమ్మం అవతల చిన్న పిల్ల. నాలుగు రోజుల్లో తండ్రి ఒళ్లో కూర్చోవాల్సిన బిడ్డను ఇంకో రెండు వారాలు అవతల నిలబెట్టింది నేను. పెరటి గోడ దగ్గరికి పోవడమే మానేశాను.

ఇంకొకటి నేను కలలో కూడా ఊహించలేదు. మా ఆరుగురిలో పాల కేంద్రం నడిపేవాడు ఉన్నాడని చెప్పాను గదా. వాడి ఇంటికి కాగితం పడితే కేంద్రానికి తాళం పడింది. మా మండలంలో పశువులంటే ప్రాణం. చింతలదేవి దగ్గర దేశవాళీ పశువుల కోసం పెట్టిన కామధేను కేంద్రం కూడా మా మండలంలోదే. వాన లేని ఏడు ఇల్లు నడిచేది గేదె మీదే, పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు మీదే. అలాంటి ఊళ్లో నాలుగు రోజులు పాలు పోసే చోటు లేకుండా పోయింది. బస్సుల్లేవు, హోటళ్లు లేవు, అమ్ముదామన్నా కొనేవాడు లేడు. ప్రతి ఇంట్లో గిన్నెలన్నీ పాలే. తోడు పెట్టారు, చిలికారు, వెన్న కాచారు. ఊరు ఊరంతా నెయ్యి వాసన. ఊరంతటికీ ఒకే పెళ్లి జరుగుతున్నట్టు. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నా కడుపులో దేవేది.

ఐదో రోజు డెయిరీ వాళ్లు ఇంకొకరిని పంపి కేంద్రం తెరిపించారు. కానీ మా ఆరిళ్ల పాలు గడువయ్యే దాకా పట్టుకోం అన్నారు. అది వాళ్ల తప్పు కాదు. మా అమ్మకు రెండు గేదెలు, పూటకు నాలుగైదు లీటర్లు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లారుజామున లేచి పాలు పిండి, కాచి, తోడు వేసి, మధ్యాహ్నం కవ్వం పట్టుకుని కూర్చునేది. నేను పడతానంటే ఇచ్చేది కాదు. ఎనిమిదో రోజున అనుకుంటా, వెన్న కాస్తూ ఇనప గరిటె కోసం చూసి, అది దొరక్క, నేను తెచ్చిన ఉదయగిరి గరిటె తీసింది. మూరెడు కాడ గనక సెగ తగలదు. నెమ్మదిగా తిప్పింది. నురుగు పక్కకు పోయి అడుగున గోధుమరంగు తేలాక మునగాకు వేసింది. అప్పుడు నా వంక చూడకుండా, "మంచి గరిటెరా. దీని కోసం పోయినావా?" అని అడిగింది. అవునని చెప్పలేను, కాదని చెప్పలేను. పొయ్యిలోకి పుల్ల తోస్తూ ఉండిపోయాను.

ఎవరికీ జబ్బు రాలేదు. రోజూ ఆశా కార్యకర్త వచ్చి గేటు బయట నుంచే అడిగేది, దగ్గుందా, జ్వరముందా అని. లేదని చెప్పడానికి కూడా సిగ్గేసేది. ఏదైనా జరిగి ఉంటే? వసారా అవతలి పిల్లకు? మా అమ్మకు? ఏడాది తిరక్కుండానే మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్లల్లో ఏం జరిగిందో చూశాక, మేం తప్పించుకున్నది నా తెలివి వల్ల కాదని నాకు బాగా తెలుసు. మెట్ట ఎండ దాన్నేమీ చేయలేదు.

అన్నిటికంటే నన్ను కోసేది మాత్రం ఇది. ఆ మధ్యాహ్నం నా ఫోను నమ్మి ఆ అమ్మాయి పుస్తకంలో టిక్కు పెట్టింది. చూడకుండా టిక్కు ఎలా పెట్టావని ఆమెను పై అధికారి అందరి ముందూ అడిగారట. నా పేరు చెప్పి ఉంటే సగం తిట్లు నాకొచ్చేవి. ఆమె చెప్పలేదు. "నేనే చూడలేదు సార్, తప్పు నాదే" అందట. ఈ సంగతి వాళ్లమ్మ మా అమ్మకు చెప్తే, వెన్న కాగిన ఆ రోజు రాత్రే మా అమ్మ నాకు చెప్పింది. అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయాను.

కాగితాలు తీసుకుని కూర్చున్నాను. పదేళ్లలో ఎంతమంది తరఫున అర్జీలు రాశానో లెక్క లేదు. "అయ్యా, తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అన్న మొదటి లైను నా చెయ్యి నిద్రలో కూడా రాస్తుంది. ఆ రాత్రి ఆ లైను దాటి పెన్ను కదల్లేదు. మొదటి కాగితంలో "అనుకోని పరిస్థితుల వల్ల" అని రాసి చించాను. రెండో దాంట్లో "స్నేహితుల బలవంతం మీద" అని రాసి, అది చదువుకుని నా మీద నాకే అసహ్యం వేసి చించాను. మూడోదీ చించాను. నాలుగో కాగితం మీద ఐదు లైన్లు పడ్డాయి. "ఆ వ్యక్తిని ఇంట్లోంచి తీసుకుపోయింది నేను. ఇంట్లో ఉన్నాడని కొండ మీది నుంచి ఫోనులో అబద్ధం చెప్పింది నేను. వాలంటీరు నన్ను నమ్మింది. ఆమె తప్పు లేదు. చర్య ఏదైనా నా మీద తీసుకోవలెను." సంతకం పెట్టి, ఫోటో తీసి పంపించాను. గడువయ్యాక అసలు కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఫైల్లో పెట్టుకున్నారు. ఆమె పనికి ఇబ్బంది రాలేదు. నా మీద చర్యా తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

కువైట్‌వాడి రెండు నెలల చుట్టీ ఇరవై నెలలైంది. విమానాలు ఆగాయి, అకామా, అంటే అక్కడి నివాస అనుమతి, చిక్కుల్లో పడింది, చేతిలో ఉన్న దీనార్లు కరిగిపోయాయి. వాడు బేల్దారి పనికి మేస్త్రి వెంట పోయాడు. 2021 చివర్లో దారులు తెరుచుకున్నాక మళ్లీ నా షాపులోనే కాగితాలన్నీ తీశాం. వ్యాక్సిన్ సర్టిఫికెట్టు, పరీక్ష రిపోర్టు, టికెట్టు. ప్రతి కాగితం వాడికి రెండేసి సార్లు చదివి వినిపించాను. తెలియనిచోట తెలియదన్నాను. ఆ మాట నా నోట విని వాడు తలెత్తి చూశాడు.

వెళ్లే రోజు సూట్‌కేసు సర్దుతుంటే అడుగున ఆ చెంచాల సెట్టు కనిపించింది, కట్టు విప్పకుండా. "ఇరవై నెలల్లో నేను ఊరు దాటి చూసింది ఆ కొండొక్కటేరా" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం గొంతు పట్టేసింది. మా అమ్మ సీసాలో నెయ్యి పోసి, మూతకు గుడ్డ కట్టి, తువ్వాల్లో చుట్టి తెచ్చి వాడి బట్టల మధ్య పెట్టింది. చిన్న పిల్ల ఇప్పుడు వాడి చంక దిగడం లేదు.

కారు కదలబోతుండగా వాలంటీరు అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఊళ్లోకి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ లెక్క రాసుకోవాల్సిన రోజులవి. "అన్నా, ఆయన ఎక్కినాడా?" అని నన్నడిగింది. ఎక్కాడమ్మా, వెనక సీట్లో ఉన్నాడు అన్నాను. ఆమె తల ఊపింది. పెన్ను మూత తీసింది. మళ్లీ మూత పెట్టి, స్కూటీకి స్టాండు వేసి, కారు దగ్గరికి వెళ్లి, అద్దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూసింది. వాడు లోపలి నుంచి చెయ్యి ఊపాడు. అప్పుడు టిక్కు పెట్టింది.